సమాపక క్రియ

మా మేనమామగారు విశాఖపట్టణపు ఓడరేవులో ముప్పదియైదేండ్లు టాలీ గుమాస్తాగా పనిచేసి, ఓడ కడుపులోనుండి క్రేను కొక్కెమునకు వ్రేలాడుచు పైకి వచ్చిన ప్రతి బరువును నాలుగు నిలువుగీతలు, వాటిమీదుగా ఒక అడ్డగీత, ఇట్లు అయిదేసి చొప్పున చేతిపుస్తకములో గుర్తించుకొని, సాయంకాలమునకు ఓడవారి లెక్కకును తమ లెక్కకును ఒక్క బస్తా తేడా వచ్చినను ఆ రాత్రి కంటిమీద కునుకు లేక దొర్లెడివారు. అట్టివారు, ఉద్యోగవిరమణ చేసిన పదునొకండవయేట, ఒక కార్తికమాసపు ఉదయమున కాఫీగ్లాసు చేతబట్టుకొని, అత్తయ్యతో ఏమో చెప్పబోయి, చెప్పలేక, ఆ గ్లాసు వంకనే చూచుచు కూర్చుండిపోయిరి. మూతి కొంచెము ప్రక్కకు జరిగినది, కుడిచేయి బరువెక్కినది. మెదడు ఎడమభాగమునకు నెత్తురు తీసికొనిపోవు నాళములో గడ్డ అడ్డుపడినదని వైద్యులు చెప్పిరి. పది దినములలో చేయి కొంత స్వాధీనమునకు వచ్చినది గాని, మాట రాలేదు.

ఆసుపత్రినుండి ఇంటికి చేరిన వారమునకు పరామర్శకు వచ్చిన పెద్దమనిషి యొకరు, సంగతి పూర్తిగా తెలియక, "మీకు పిల్లలెంతమందండీ?" అని యడిగిరి. మామయ్య నోరు తెరచిరి. కనుబొమలు ముడివడినవి, మెడనరములు ఉబ్బినవి, పెదవులు రెండుమూడుసార్లు ఏదో ఆకారము దాల్చి విడిపోయినవి. మేమందరము తలలు వంచుకొని యుండగా, ఆయన ఎడమచేతి బొటనవ్రేలు మడచి "ఒకటి" అనిరి. చూపుడువ్రేలు మడచి "రెండు" అనిరి. నడిమివ్రేలు మడచి "మూడు" అని, అచ్చట ఆగి, లెక్క సరిపోయినదా యన్నట్లు అడిగినవారి ముఖములోనికి చూచిరి. లెక్క సరిపోయినది. మామయ్యకు ముగ్గురు పిల్లలు.

మనుష్యులను లెక్కించునప్పుడు తెలుగువాడు "మూడు" అనడు, "ముగ్గురు" అనును. ఆ "ముగ్గురు" అను మాటకు పోవు దారి ఏదో మామయ్య తలలో మూసికొనిపోయినది. కాని చిన్ననాట పలకమీద వల్లెవేసినదియు, పెద్దయైన పిమ్మట బస్తాలమీద వేలమార్లు వల్లెవేసినదియు నగు "ఒకటి, రెండు, మూడు" అను మెట్లదారి మాత్రము తెరచియేయున్నది. ఆయన ఆ మెట్లు ఒక్కొక్కటే యెక్కి, కావలసిన చోట నిలిచి, అర్థమును వేరొక వాకిటినుండి మాకందించిరి. ఆ దినమునుండి, మాట అనునది మనుష్యుని తలలో ఎచ్చట నుండును అను ప్రశ్న నన్ను విడువలేదు.

చిరకాలము నేనును పదిమందివలెనే, మెదడు రేవులోని గోదాముల వరుసవంటిదనియు, ఒకదానిలో మాటలు, ఒకదానిలో చూపు, ఒకదానిలో జ్ఞాపకము పేర్చి తాళము వేసియుందురనియు భావించితిని. ఈ భావమునకు గొప్ప వంశచరిత్రయే కలదు. 1861లో పారిస్ సమీపమున బిసేత్ర్ ఆసుపత్రియందు ఇరువదియొక్క యేండ్లు గడపిన లెబోర్న్ అను రోగి, ఏమడిగినను "తాఁ, తాఁ" అని తప్ప పలుకలేనివాడు, మరణింపగా, పాల్ బ్రోకా అను శస్త్రవైద్యుడు అతని మెదడును పరీక్షించి, ఎడమప్రక్క ముందుభాగమున అడుగువైపున గాయముండుట చూచి, వాక్కునకు స్థానమిదియే యని ప్రకటించెను. 1874లో కార్ల్ వెర్నికే అను జర్మన్ వైద్యుడు, చెవికి చేరువనున్న మరియొక భాగము చెడినవారు ధారాళముగా మాటలాడుదురు గాని ఆ మాటలకు పొందిక యుండదనియు, ఇతరుల మాటలు వారికి బోధపడవనియు చూపెను. పలుకునది ఒకచోట, గ్రహించునది ఒకచోట, నడుమ నొక నరముల త్రోవ. ఈ పటమే నూరేండ్లకు పైగా వైద్యవిద్యార్థుల పుస్తకములలో నిలిచినది. దానిలో సత్యము లేకపోలేదు. మామయ్యకు గాయమైనదియు ఎడమప్రక్కనే. అయినను గోదాము కాలిపోయినచో అందులోని "ముగ్గురు" బూడిదయై యుండవలెను గదా. "మూడు" ఎట్లు నడచి బయటికి వచ్చినది?

ఈ సందేహమునకు సమాధానము వెదకుచుండగా మామయ్య వృత్తియే నాకు గురువైనది. ఓడ ఒడ్డునకు కట్టిన పిమ్మట ఓడ కడుపు వాకిలియైన ఒక్కొక్క హేచ్చికి ఒక్కొక్క గ్యాంగు కుదురును. వించి త్రిప్పువాడొకడు, పైనుండి చేయి యూపి సైగ చేయువాడొకడు, అడుగున బస్తాలు పేర్చు కళాసీలు కొందరు, గట్టున అందుకొనువారు కొందరు, వీరందరి నడుమ పుస్తకముతో మామయ్య. ఓడ ఖాళీ యైనంతనే గ్యాంగు విడిపోవును. నిన్న గోధుమబస్తాలలో నున్న కళాసీ నేడు ఎరువులలో నుండవచ్చును, రేపు ఇనుపచువ్వల చెంత నిలువవచ్చును. ఫలానా బెర్తు ఇచ్చటనున్నదని పటము చూపి చెప్పవచ్చును గాని, ఫలానా గ్యాంగు ఎచ్చటనున్నదని యడిగినచో, పని యున్నంతసేపే యున్నదని చెప్పవలెను.

నేటి శాస్త్రజ్ఞులు మెదడును గూర్చి చెప్పుచున్నది రమారమి ఇదియే. 1990లో సీజీ ఒగావా అను జపాను శాస్త్రజ్ఞుడు, ప్రాణవాయువు గల నెత్తురునకును లేని నెత్తురునకును అయస్కాంతధర్మములో గల తేడాను ఆధారము చేసికొని, పుర్రె తెరువకయే మెదడు పనిపాటులను చిత్రింపవచ్చునని చూపెను. పనిచేయు చోటికి నెత్తురు అధికముగా వచ్చును. అయితే అది ఆలస్యముగా వచ్చు సాక్షి, అయిదారు సెకండ్లు గడచిన గాని దాని వాఙ్మూలము సంపూర్ణము కాదు. 1995లో భరత్ బిస్వాల్ అను భారతీయుడు, అమెరికాలో విద్యార్థిగా నుండి, అట్టి చిత్రములు తీయు యంత్రములో మనుష్యులను ఏ పనియు చేయక ఊరకుండుమని పరుండబెట్టి చూడగా, చేతులను కదలించు ఎడమభాగమును కుడిభాగమును, చేయి కదలకున్నను, ఒకే లయలో నెమ్మదిగా ఎగసిపడుచుండెను. దూరముననున్న రెండు తావులు ఒకే తాళమునకు ఊగుచున్నచో వాటి నడుమ ఏదో చెలిమి కలదనుకొనవలెను. ఇట్టి చెలిములను లెక్కించి, కలసి యూగు తావులను ఒక కూటముగా చూచుట ఆ పిమ్మట గొప్ప విద్యయైనది. దీనినే వారు క్రియాత్మక నెట్‌వర్కు అందురు. నేను గ్యాంగు అనుకొందును.

శరీరపు బరువులో నూటికి రమారమి రెండుపాళ్ళే యగు మెదడు శరీరము వెచ్చించు శక్తిలో నూటికి ఇరువదిపాళ్ళు తినివేయుననియు, ఏదేని పని కల్పించినప్పుడు అదనముగా పట్టు ఖర్చు ఆ మొత్తములో స్వల్పభాగమే యనియు తెలిసినప్పుడు నాకు అర్ధరాత్రపు ఓడరేవు స్ఫురించినది. ఊరు నిద్రించినను, కోటవీధి మేడమీదినుండి చూచిన, దీపములు వెలుగుచునే యుండును, రైలుపెట్టెలు ఒరుసుకొను చప్పుడు వినబడుచునే యుండును. రేవున కెన్నడును సంపూర్ణవిశ్రాంతి లేదు. ఓడ వచ్చినప్పుడు క్రొత్తగా పుట్టునది శక్తి కాదు, కూర్పు.

ఆ కూర్పు మాట వినుచున్నప్పుడు ఎట్లు మారునో గ్రహించుటకు తెలుగువానికి వాక్యమే మంచి ప్రయోగశాల. మన వాక్యములో క్రియ చిట్టచివరకు గాని రాదు. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణము వ్రాసినది మొదలు బడిపిల్లలు వల్లించుచున్న సమాపక, అసమాపక క్రియల భేదమును ఇచ్చట తలచుకొనవలెను. "మామయ్య తెల్లవారుజామున లేచి, తలస్నానము చేసి, సైకిలెక్కి, పూర్ణామార్కెట్టు మీదుగా, వర్షములో తడియుచు, గేటు దాటి లోపలికి" అని నేను ఆపితినేని, పాఠకుని మనస్సు ఊపిరి బిగబట్టి నిలుచును. పోయెనా, పోబోయెనా, పోలేదా? కర్త, కాలము, చోటు, తడిసిన బట్టలు, అన్నియు చేతబట్టుకొని ఆ యొక్క సమాపక క్రియ కొరకు, పైలట్ వచ్చువరకు బయటి సముద్రములో లంగరు వేసికొని నిలిచిన ఓడవలె, కనిపెట్టుకొని యుండవలెను.

ఈ కనిపెట్టుట వట్టి అలంకారము కాదు. మూర్ఛరోగ చికిత్సకొరకు మెదడులో విద్యుత్తీగెలు అమర్చిన రోగులచేత వాక్యములు చదివించి 2017లో ఫ్రెంచి, అమెరికా పరిశోధకులు చేసిన యొక పరిశీలనలో, ఒక్కొక్క పదము చేరినకొలది భాషకు సంబంధించిన తావులలో చైతన్యము మెట్టుమెట్టుగా పెరుగుచు వచ్చి, ఆ పదములు కలసి ఒక పదబంధముగా ముడివడినంతనే దిగ్గున తగ్గిపోయినది. అయిదవ బస్తా దిగగానే నాలుగు నిలువుగీతలపై అడ్డగీత పడి, అయిదు విడివిడి వస్తువులు ఒక్క కట్టగా మారినట్లు! మనస్సునకు మోయవలసిన బరువు అప్పుడు తేలికయగును. అంతకు చాల ముందే, 1980లో, మార్టా కుటాస్, స్టీవెన్ హిల్యార్డ్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు, వాక్యము చివర పొసగని మాట యొకటి వచ్చినచో సెకండులో పదింట నాలుగు వంతుల కాలమునకు మెదడులో నొక విద్యుత్తరంగము లేచుననియు, ఆ వేళకే మనస్సు "ఇది కాదు" అని గుర్తుపట్టుననియు కనుగొనిరి. అనగా వినువాడు వట్టి గోదాము కాపలాదారుడు కాడు. రాబోవు సరకు ఏదో ముందే యూహించి చోటు సిద్ధపరచుకొనువాడు.

వాక్యమునుండి కథకు పోయినచో గ్యాంగు ఇంకను పెద్దదగును. అమెరికాలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున ఉరీ హేసన్ బృందమువారు ఒక కథను యథాతథముగను, పేరాలు తారుమారు చేసియు, వాక్యములు తారుమారు చేసియు, తుదకు పదములే తారుమారు చేసియు వినిపించి చూచిరి. వినికిడికి సంబంధించిన తొలి తావులు అన్నిటికిని ఒకే విధముగా స్పందించినవి. వాటికి కావలసినది శబ్దమే. కాని మెదడు మధ్యమునను, ఇరుప్రక్కల పైభాగమునను ఉండి, మనము ఊరక కూర్చుండి పాతసంగతులు నెమరువేసికొనునప్పుడు మేల్కొనునవని ప్రసిద్ధి పొందిన తావులు కథ చెడనప్పుడు మాత్రమే శ్రోతలందరిలోను ఒకే విధముగా కదలినవి. 2016లో అదే పరంపరలో వెలువడిన మరియొక పరిశోధన, కథ నడచుచున్న కొలది ఈ తావుల నడుమ చెలిములే మారుచుండుననియు, ఒకే కథ విన్న పలువురి తలలలో ఆ మార్పులు ఒకే క్రమమున జరుగుననియు తెలిపినది. ఇది చదివినప్పుడు, విజయనగరపు ఆదిభట్ల నారాయణదాసుగారు గజ్జెకట్టి హరికథ చెప్పుచుండగా వేలకొలది జనము ఒక్కసారిగా నవ్వి ఒక్కసారిగా కన్నీరు పెట్టుకొనెడివారని మా తాతగారు చెప్పుట గుర్తునకు వచ్చినది. మా తాతగారికి యంత్రము లేదు. అయినను ఆయన చూచినది అదియే.

ఇక మా యూరి సంగతి. విశాఖపట్టణము ఒక్క భాషతో బ్రతికిన యూరు కాదు. 1933లో రేవు తెరచినది మొదలు గంజాము కళాసీల ఒడియా, రైల్వేవారి ఇంగ్లీషు, నావికాదళముతో వచ్చిన హిందీ, మలయాళము, ఉక్కు కర్మాగారము నిర్మించునాడు వచ్చిన దేశదేశముల మాటలు ఇచ్చట తెలుగుతో భుజము భుజము రాచుకొనుచునే యున్నవి. మామయ్య ఒడియాలో బేరమాడెడివారు, హిందీలో కసరెడివారు, ఇంగ్లీషులో రిపోర్టు వ్రాసెడివారు, ఇంటికి వచ్చి "ఏటి, కూరేటి?" అని అడిగెడివారు. ఇన్ని భాషలు మోయు తల అలసిపోదా అని పూర్వులు శంకించిరి. హైదరాబాదు నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో డాక్టర్ సువర్ణ అల్లాడి ప్రభృతులు 648 మంది మతిమరుపు రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన దానినిబట్టి, ఒక్క భాషయే తెలిసినవారికన్న రెండు భాషలు వచ్చినవారిలో ఆ వ్యాధి నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా తలచూపినది. చదువురాని వారిలోను ఆ తేడా కనబడుట విశేషము. బడి ఇచ్చిన ఫలమని దానిని త్రోసిపుచ్చుటకు వీలు లేదు. మూడవ భాషవలన అదనపు లాభ మేమియు కనబడలేదట. 2016లో అదే సంస్థవారు పక్షవాతము వచ్చిన 608 మందిని చూడగా, వ్యాధి పిమ్మట బుద్ధిశక్తి చెక్కుచెదరక నిలిచినవారు బహుభాషులలో నూటికి 40.5, ఏకభాషులలో 19.6. ఇతర దేశములలో ఇట్టి పరిశోధనలన్నియు ఇదే ఫలితము నీయలేదు కనుక దీనిని వేదవాక్యముగ గైకొనరాదు గాని, వీధివీధికి మాట మార్చి బ్రతుకు మనవంటి జనులలో తేలిన విషయమగుటచే ఇది నాకు ఆత్మీయముగా తోచినది.

ఒక్క ముల్లు మాత్రము గ్రుచ్చుకొనినది. ఆ రెండవ పరిశోధనలోనే, మాట పడిపోవుటలో ఏకభాషులకును బహుభాషులకును తేడా లేదని తేలినది. మామయ్య నాలుగు భాషలు ఆయన బుద్ధిని కాచినవేమో. చదరంగములో నన్ను నేటికిని ఓడింతురు. నాలుకను కాచలేదు.

పోయిన భాషలలో ముందుగా తిరిగి వచ్చునది యేది? తొలుత నేర్చినదని రిబో అను ఫ్రెంచి మనస్తత్త్వవేత్తయు, ఎక్కువ వాడుకలో నున్నదని 1895లో పీత్ర్ అను ఫ్రెంచి వైద్యుడును వాదించిరి. ఈ వాదము నాకు మరియొక వాదమును జ్ఞప్తికి తెచ్చినది. ఈ యూరి ఏ.వి.యన్. కళాశాల ప్రధానాచార్యులైన పి.టి. శ్రీనివాసయ్యంగారును, గిడుగు రామమూర్తి పంతులుగారును, గురజాడ అప్పారావుగారును, గడచిన శతాబ్దపు ఆరంభమున, పిల్లలకు బడిలో నేర్పు తెలుగు వారి నోటిలోని తెలుగే కావలెనని పోరాడిరి. నోట ఒక తెలుగు, వ్రాతలో ఒక తెలుగుగా పెరిగిన నావంటివాడు ఒక్క భాషలోనే ద్విభాషియేమో యని అప్పుడప్పుడు అనుకొందును. ఇది శాస్త్రము చెప్పినది కాదు, నా యూహ. ఈ వ్యాసమును ఈ భాషలో వ్రాయుచుండగా పంతులుగారు చూచినచో కనికరించి నవ్వుకొందురనియు నెరుగుదును.

మామయ్యకు మాట నేర్పుటకు వచ్చిన అమ్మాయి వయస్సున చిన్నది, ఓపికలో పెద్దది. బొమ్మ చూపి పేరడుగును. రానిచో తొలి అక్షరము తాను పలికి ఆగును. అత్తయ్యది వేరొక పద్ధతి. ఆమె లాలిపాట యెత్తుకొని సగములో మానును. మామయ్య తక్కిన సగము తడబడక పాడుదురు. పాట ముగిసిన మరుక్షణమున "నీళ్ళు" అనలేక చెంబు చూపుదురు. గాయపడిన ఎడమభాగము మౌనముగా నున్నంతకాలము కుడిభాగము తోడు వచ్చుననుటకు ఇది గుర్తని విని, ఆ విషయమై చదివితిని. జర్మనీలో దొరొతే సౌర్ బృందమువారు పక్షవాతమువలన మాట పోయిన 14 మందిని ముమ్మారు పరీక్షించి 2006లో వెల్లడించినది ఏమనగా, మొదటి రెండుమూడు దినములలో ఎడమభాగపు భాషాస్థానములలో చైతన్యము మిక్కిలి సన్నగిల్లును. పండ్రెండు దినముల ప్రాంతమున కుడిభాగములోని వాటి సరిజోడు తావులతో సహా గ్యాంగంతయు విజృంభించును. సంవత్సరము కావచ్చునప్పటికి బరువు మరల ఎడమ భుజమునకు మారును. అరువు వచ్చిన కళాసీ, ఇంటివాడు కోలుకొనగానే, పని యప్పగించి తన హేచ్చికి తాను పోవునన్నమాట. అందరికిని ఇట్లే జరుగునని కాదు. కొందరికి ఇంటివాడు ఎన్నటికిని కోలుకొనడు.

ఈ జ్యేష్ఠమాసమున ఒక సాయంకాలము మామయ్యను తీసికొని కోస్టల్ బ్యాటరీ ప్రక్క సముద్రపుటొడ్డునకు పోయితిని. ఎదుట డాల్ఫిన్స్ నోస్ కొండ నీరెండలో గోధుమవన్నెగా నుండెను. దూరమున, ఉదయమునుండి లంగరు వేసియున్నదని తోచు బొగ్గు ఓడ యొకటి ముక్కు తిప్పినది. పైలట్ పడవ దానిని చేరినది. టగ్గులు మూడు, అంతవరకు ఎచ్చట నుండెనో గాని, వచ్చి చుట్టుకొనినవి. మామయ్య పిట్టగోడ మీదికి వంగిరి. వారి పెదవులు కదలుచుండుట చూచి, మాట యందింపబోయి, తొందరపడరాదని ఆ అమ్మాయి చెప్పినది తలచుకొని నోరు మూసికొంటిని. వాక్యము మధ్య నెట్లు నిలువవలెనో నాకును ఆ యేడాదిలోనే అలవాటైనది. ఓడ కొండనీడలోనికి ప్రవేశించినది. అప్పుడు మామయ్య, లెక్క యెత్తుకొనక, పాట యెత్తుకొనక, ఎవ్వరు నందింపక, పుట్టిన యూరి నుడిలో, తేటగా, "వొచ్చీసింది" అనిరి.

వచ్చినదేదో నేనడుగలేదు. ఆయన ఎడమచేతి చూపుడువ్రేలితో పిట్టగోడ మీది ఇసుకలో ఒక నిలువుగీత గీచిరి.